శ్రీ మధ్యలో గీతలెందుకు పడ్డాయి: ఉచిత ఫాంట్లతో తెలుగు అక్షరాలు కోసేవాళ్ల కోసం

మిర్యాలగూడలో ఉండే ఒక వదిన గృహప్రవేశానికి ఇంటి పేరు చేసిపెట్టమని అడిగింది. "శ్రీ లక్ష్మీ నిలయం" అని, బంగారు రంగు వినైల్‌లో (వెనక జిగురు ఉండే పల్చని ప్లాస్టిక్ షీటు), గుమ్మం పక్కన గోడకు అంటించేటట్టు. ఉచితంగా దొరికిన ఒక తెలుగు ఫాంటు దించుకున్నాను, స్క్రీన్ మీద ముచ్చటగా కనిపించింది, కటింగ్ మెషీన్‌కు పంపాను. కోత అయ్యాక చుట్టూ ఉన్న అదనపు వినైల్ పీకుతుంటే శ్రీ కింద చుట్టుకునే క్రావడి మూడు ముక్కలై నా వేలికి అంటుకుని వచ్చేసింది. వెలుతురులో పెట్టి చూస్తే శ మీదికి క్రావడి ఎక్కిన చోట రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయాయి, లక్ష్మీలో మ ఒత్తు దగ్గర కూడా అంతే. ముహూర్తం ఇంకా రెండు రోజులే ఉంది. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

నల్లగొండలో నాలాగ ఇంటి దగ్గర చిన్న కటింగ్ మెషీన్ పెట్టుకుని పేర్లు, కేక్ మీద గుచ్చే అక్షరాలు, ఫంక్షన్ బోర్డులు, రిటర్న్ గిఫ్టుల మీద స్టిక్కర్లు చేసే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. రేడియం షాపుల్లో పెద్ద ప్లాటర్ మీద ఆటోలకు, ట్రాక్టర్లకు పేర్లు కోసే అన్నలు అంతకన్నా ముందునుంచీ ఉన్నారు. అందరూ ఒకే రకం వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లమే: ఫాంటు దించుకో, ఇన్‌స్టాల్ చెయ్యి, టైపు చెయ్యి, కోసెయ్యి. ఇంగ్లీషు పేరుకు ఆ నాలుగు మాటలు దాదాపు సరిపోతాయి. తెలుగు పేరుకు సరిపోవు. ఎందుకు సరిపోవో విడమరిచి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఫాంటులో ఉండేది నలుపు కాదు, అంచు

ఫాంటు అంటే అక్షరాల బొమ్మల కట్ట అని అనుకుంటాం. టీటీఎఫ్ అయినా ఓటీఎఫ్ అయినా ఆ ఫైల్లో ఉండేవి గీతలు మాత్రమే. అక్షరం చుట్టూ ఒక గీత, లోపల ఖాళీ ఉంటే ఆ ఖాళీ చుట్టూ ఇంకో గీత. కంప్యూటర్ ఆ గీతల మధ్య నలుపు నింపి మనకు చూపిస్తుంది. కటింగ్ మెషీన్ దేన్నీ నింపదు, గీత వెంట బ్లేడు నడుపుతుంది, అంతే. రెండు ఆకారాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటే స్క్రీన్ మీద నలుపు మీద నలుపు పడి ఏమీ తెలియదు, కానీ బ్లేడు మొదటిదాని చుట్టూ ఒకసారి, రెండోదాని చుట్టూ ఒకసారి పూర్తిగా తిరిగి వస్తుంది. శ్రీ మధ్యలో పడ్డ గీతలు అవే.

ఇంగ్లీషులో ఈ ఎక్కడం ఎక్కువగా కలిపిరాత ఫాంట్లలో, ఒక అక్షరం తోక పక్క అక్షరాన్ని తాకే చోట వస్తుంది. తెలుగులో అట్లా కాదు. ఒత్తు, గుడి, కొమ్ము, ఏత్వం, ఇవన్నీ చాలా ఫాంట్లలో విడివిడి ఆకారాలు, అక్షరం పక్కకో పైకో కిందికో వచ్చి అతుక్కుంటాయి. అతుక్కున్న ప్రతిచోటా బ్లేడుకు రెండు గీతలు కనిపించే అవకాశం ఉంది. అందుకే నేను ఇప్పుడు ఏ ఫాంటు దించుకున్నా ముందు దాని నలుపు చూడను, అంచు చూస్తాను. ఇంక్‌స్కేప్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్ కింద అవుట్‌లైన్ నొక్కితే నింపుడు అంతా పోయి బ్లేడు నడిచే దారి మాత్రమే మిగులుతుంది. అక్షరం పొట్టలో ఎక్కడైనా గీతలు అడ్డంగా పోతున్నాయంటే అక్కడ కోత పడుతుందని అర్థం.

దాన్ని బాగు చేయడం కష్టమేం కాదు. ఇంక్‌స్కేప్‌లోనే పేరు టైపు చేసి, పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కితే టైపు చేసిన మాట ఆకారాలుగా మారిపోతుంది. అవి ఒక గుంపుగా కట్టి ఉంటాయి కాబట్టి అన్‌గ్రూప్ చేసి, అన్నీ ఎంచుకుని, అదే పాత్ మెనూలో యూనియన్ నొక్కాలి. ఎక్కి ఉన్నవన్నీ కరిగి ఒకటే అంచు అవుతుంది. మెషీన్ సాఫ్ట్‌వేర్‌లలో దీన్నే వెల్డ్ అంటారు. ఒక్క జాగ్రత్త: ఆకారాలుగా మార్చాక ఇక అక్షరదోషం దిద్దలేం, అందుకని టైపు చేసిన కాపీ ఒకటి పేజీ పక్కన ఉంచుకోండి. పేరులో దీర్ఘం పోయిందని కస్టమర్ ఫోన్ చేసినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

లక్ష్మి ఎందుకు విడిపోతుంది

ఇంకో సమస్య దీనికన్నా ముందే ఎదురవుతుంది. పేరును నేరుగా మెషీన్ సాఫ్ట్‌వేర్‌లోనే టైపు చేస్తే కొన్నిట్లో లక్ష్మి అన్న మాట ల, పొల్లుతో క, పొల్లుతో ష, మి అని ముక్కలు ముక్కలుగా పరుచుకుంటుంది, లేదా గుడి పక్కకు జారి ఒక చుక్కల వలయం మీద కూర్చుంటుంది. ఫాంటు పాడైందని తీసేసి ఇంకోటి, ఇంకోటి అని పది ఫాంట్లు మార్చినవాళ్లు నాకు తెలుసు. తప్పు ఫాంటుది కాదు.

యూనికోడ్‌లో, అంటే ఇప్పటి కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలకు వాడే ఉమ్మడి సంకేతాల పద్ధతిలో, లక్ష్మీ అనే మాట ల, క, పొల్లు, ష, పొల్లు, మ, ఈత్వం అని ఏడు సంకేతాల వరుసగా ఉంటుంది. క పొల్లు ష వస్తే క్ష చేయి, దాని తర్వాత పొల్లు మ వస్తే మ ఒత్తు కింద పెట్టు, గుడి పైన వెయ్యి అనే సూచనలు ఫాంటు లోపలే రాసి ఉంటాయి. ఆ సూచనలను చదివి పాటించాల్సింది సాఫ్ట్‌వేర్. ఇంగ్లీషుకు అలాంటి పని పెద్దగా అవసరం పడదు కాబట్టి కొన్ని కటింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఆ సూచనలను పట్టించుకోకుండా అక్షరాలను వరుసగా పేర్చేస్తాయి. ఇంక్‌స్కేప్ ఆ సూచనలను చక్కగా చదువుతుంది. అందుకే నా పద్ధతి ఎప్పుడూ ఒకటే: తెలుగు పేరు ఇంక్‌స్కేప్‌లో రాయడం, ఆకారాలుగా మార్చడం, యూనియన్ చేయడం, ఎస్‌వీజీ ఫైలుగా దాచడం, దాన్ని మెషీన్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోవడం. క్రికట్ అనే కటింగ్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ ఎస్‌వీజీ తీసుకుంటుంది. ఉచిత వెర్షన్‌లో ఎస్‌వీజీ తెరవని సాఫ్ట్‌వేర్ మీదైతే డీఎక్స్ఎఫ్ ఫైలుగా ఇచ్చి చూడండి. ఆ దశకు వచ్చేసరికి అది తెలుగు అని మెషీన్‌కు తెలియాల్సిన అవసరమే లేదు, అది గీతే.

మహబూబ్‌నగర్ అన్న మాటను ఒకసారి మీ కంప్యూటర్లో టైపు చేసి చూడండి. మామూలుగా బ, పొల్లు, న కొడితే బ కింద న ఒత్తు వచ్చి "మహబూబ్నగర్" అవుతుంది. పొల్లు విడిగా నిలబడాలంటే పొల్లుకూ నకూ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉండాలి, రెండింటినీ కలపొద్దు అని చెప్పే గుర్తు అది. కొన్ని తెలుగు కీబోర్డుల్లో దానికి మీట ఉంటుంది, లేకపోతే ఎక్కడైనా సరిగ్గా రాసి ఉన్న మాటను కాపీ చేసి తెచ్చుకుంటే ఆ గుర్తు కూడా వెంట వస్తుంది. పాలమూరు వైపు నుంచి పాఠశాల బోర్డో, స్పోర్ట్స్ టీమ్ టీషర్టులో ఆర్డరు వస్తే ఈ ఒక్క గుర్తు చూసుకోకుండా కోయకండి. ఊరి పేరు తప్పుగా వేసుకుని ఎవరూ తిరగరు. టీషర్టు అంటే గుర్తొచ్చింది, వేడితో అంటించే వినైల్‌ను తిరగేసి కోయాలి, మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో మిర్రర్ నొక్కడం మరవద్దు.

మీరు ఎంచుకున్న ఫాంటులో అసలు తెలుగే లేకపోయినా కంప్యూటర్ ఆ సంగతి చెప్పదు. పువ్వుల ఇంగ్లీషు ఫాంటు ఒకటి ఎంచుకుని తెలుగులో టైపు చేస్తే, విండోస్‌తో వచ్చిన నిర్మలా యూఐ లాంటి వేరే తెలుగు ఫాంటు తెచ్చి ఆ ఖాళీ నింపేస్తుంది. మనమేమో ఇదే ఆ పువ్వుల ఫాంటు తెలుగు రూపమా, ఇంత సాదాగా ఉందేంటి అనుకుంటాం. కొత్త ఫాంటు ఎంచినా అక్షరం మారకపోతే అందులో తెలుగు లేనట్టే. గూగుల్ ఫాంట్స్‌లో అయితే భాషల జాబితాలో తెలుగు ఎంచుకుంటే తెలుగు ఉన్నవి మాత్రమే మిగులుతాయి, ఈ గందరగోళమే ఉండదు.

డీటీపీ సెంటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో వచ్చే పాత ఫాంట్ల సంగతి కూడా చెప్పాలి. పెళ్లి కార్డుల మీద మనం చిన్నప్పటి నుంచి చూసిన అందమైన తెలుగు అక్షరాలు చాలావరకు అను లాంటి పాత పద్ధతి ఫాంట్లవి. అవి యూనికోడ్ కావు. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచి ఉంచారు, కాబట్టి ఆ పద్ధతిలో టైపు చేసే సాఫ్ట్‌వేర్ కూడా కావాలి, ఫోన్‌లో కస్టమర్ పంపిన పేరును అట్లే పేస్ట్ చేస్తే పనికిరాదు. పైగా అవి డబ్బు పెట్టి కొనుక్కోవాల్సినవి. అందరూ కాపీ చేసుకుంటున్నారు కదా అని అమ్మకానికి చేసే వస్తువు మీద వాడితే అది ఉచిత ఫాంటు వాడినట్టు కాదు. ఆ పద్ధతి తెలిసిన డీటీపీ అన్న దగ్గర లైసెన్సు ఉన్న సిస్టమ్‌లో పేరు కంపోజ్ చేయించుకుని, ఆకారాలుగా మార్చిన ఫైలు తెచ్చుకోవడం మర్యాదైన దారి. నేను రెండు మూడు పెళ్లి ఆర్డర్లకు అట్లే చేశాను.

ఉచితం అంటే దేనికి ఉచితం

ఈ ప్రశ్న దగ్గర చాలామంది ఆగరు, నేను మాత్రం గట్టిగా ఆగమంటాను. డాఫాంట్ లాంటి ఫాంట్ల వెబ్‌సైట్లలో ప్రతి ఫాంటు పక్కనా ఒక చిన్న మాట రాసి ఉంటుంది. కొన్నిటి మీద సొంత వాడకానికి ఉచితం అని, కొన్నిటి మీద పూర్తిగా ఉచితం అని, కొన్నిటి మీద డెమో అని. సొంత వాడకం అంటే మీ పాప పుట్టినరోజుకు మీ ఇంట్లో కట్టే పేరు. అదే పేరు ఇంకొకరి పాపకు చేసి ₹150 తీసుకున్నా అది వ్యాపారమే, అప్పుడు ఆ ఫాంటు తయారుచేసిన మనిషి దగ్గర లైసెన్సు కొనాలి. డెమో అని ఉన్నవాటిలో అంకెలో, విరామచిహ్నాలో, కొన్ని అక్షరాలో లేకుండా తీసేసి కూడా ఇస్తుంటారు, సగం పని అయ్యాక తేదీ దగ్గర ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ఫాంట్ స్క్విరల్ అనే చోట వ్యాపారానికి కూడా ఉచితమైనవి ఏరి పెడతారు, అయినా అక్కడ కూడా ఫాంటుతో వచ్చే లైసెన్సు ఫైలు ఒకసారి తెరిచి చదవడం మంచిది.

మన పనికి అన్నిటికన్నా నిశ్చింతైనది ఓపెన్ ఫాంట్ లైసెన్స్, పొట్టిగా ఓఎఫ్ఎల్. ఎస్ఐఎల్ అనే సంస్థ తయారుచేసింది, ఇప్పుడు వాడుకలో ఉన్న 1.1 రూపం 2007 నాటిది. దాని సారం చాలా సూటిగా ఉంటుంది: ఫాంటుతో బోర్డు చేసి అమ్ముకోవచ్చు, స్టిక్కర్ చేసి అమ్ముకోవచ్చు, ఫాంటును మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు. ఫాంటు ఫైలును ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు, మార్చిన ఫాంటును పంచితే అదే లైసెన్సు కింద పంచాలి, మూలకర్త తన కోసం ఉంచుకున్న పేరుంటే ఆ పేరు పెట్టకూడదు. మనం కోసి అమ్మే అక్షరాలకు ఈ షరతులేవీ అడ్డు రావు. గూగుల్ ఫాంట్స్‌లోని తెలుగు ఫాంట్లు ఈ లైసెన్సు కిందే దొరుకుతాయి. దించుకున్న జిప్ ఫైల్లో ఓఎఫ్ఎల్ అని ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది, దాన్ని చెరిపేయకుండా ఫాంటుతో పాటే దాచండి.

ఆ ఫాంట్ల వెనుక మనుషుల కష్టం ఉంది. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన తెలుగు ఫాంట్ల పేర్లు చూస్తే భువనవిజయం కళ్లముందు నిలబడుతుంది: పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ. వాటిలోనే సురవరం అని ఒకటి ఉంది. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు అది. తెలంగాణలో తెలుగు అచ్చు కావడానికే పోరాడాల్సి వచ్చిన రోజుల మనిషి పేరున్న అక్షరాలను ఇప్పుడు ఎవరైనా పైసా ఇవ్వకుండా తమ గుమ్మం మీద కోసి పెట్టుకోగలుగుతున్నారు. గద్వాల నుంచి ఆర్డరు వస్తే నేను ముందు ఆ ఫాంటులోనే నమూనా పంపిస్తాను.

ఏ పనికి ఏ అక్షరం

కంటికి అందంగా కనిపించే ఫాంటు, చేతితో పీకడానికి అనువైన ఫాంటు ఎప్పుడూ ఒకటే కావు. రామభద్ర లావుగా, నిబ్బరంగా ఉంటుంది, ఆటో వెనుక అద్దం మీద పేరుకైనా, థర్మాకోల్‌లో కోసే పెళ్లి అక్షరాలకైనా భయం లేదు. బాలూ తమ్ముడు అనే ఫాంటు ముంబయిలోని ఏక్ టైప్ వాళ్లది, గుండ్రని మూలలతో బొద్దుగా ఉంటుంది, పిల్లల పుట్టినరోజు పనికి నేను మొదట తీసేది అదే. మూలలు గుండ్రంగా ఉండటం బ్లేడుకు కూడా సుఖం. ఎందుకంటే ఇంటి మెషీన్లలో బ్లేడు మొన సరిగ్గా నడుమన ఉండదు, సుమారు పావు మిల్లీమీటరు వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, పదునైన మూల దగ్గర తిరిగేటప్పుడు ఆ కాస్త దూరం కాగితాన్ని లాగుతుంది. సెట్టింగుల్లో బ్లేడ్ ఆఫ్‌సెట్ అని కనిపించేది దీన్ని సరిదిద్దడానికే. చతుర మాత్రం సన్నగా, పొడుగ్గా సాగి ఉంటుంది, కార్డు మీద ముద్రిస్తే ఎంత బాగుంటుందో రెండు అంగుళాల స్టిక్కర్‌గా కోస్తే అంత ఏడిపిస్తుంది. అదే చతురలో ఎక్స్‌ట్రా బోల్డ్ తీసుకుని పెద్ద సైజులో కోస్తే పర్వాలేదు.

అనేక్ తెలుగు కూడా ఏక్ టైప్ వాళ్లదే. ఒకే ఫైల్లో సన్నం నుంచి లావు వరకు, ఇరుకు నుంచి వెడల్పు వరకు అన్నీ ఇమిడ్చిన వేరియబుల్ ఫాంటు అది. పేరు పొడవుగా ఉండి బోర్డు చిన్నదైతే అక్షరాలను నొక్కేసి వికారం చేయకుండా ఇరుకు రూపం వాడుకోవచ్చు, ఈ పనికి నాకు దానికన్నా మంచిది దొరకలేదు. అయితే వేరియబుల్ ఫైలును కొన్ని సాఫ్ట్‌వేర్‌లు ఒక్క మందంలోనే చూపిస్తాయి, పైగా అలాంటి ఫైళ్లలో గీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కించి గీయడం మామూలు. జిప్‌లో స్టాటిక్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, అందులోని విడి ఫైళ్లు ఇన్‌స్టాల్ చేసుకుంటే మందం ఎంచుకునే ఇబ్బంది ఉండదు. యూనియన్ మాత్రం ఎట్లాగూ చేయాల్సిందే.

ఇంగ్లీషు పేర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. పసిఫికో, లాబ్‌స్టర్ రెండూ ఓఎఫ్ఎల్ ఫాంట్లే, లావు కలిపిరాత, చిన్న సైజులో కూడా నిలుస్తాయి. గ్రేట్ వైబ్స్ పెళ్లి పనికి అందరూ అడుగుతారు, దాని వెంట్రుక లాంటి గీతలకు కనీసం జానెడు వెడల్పు ఇవ్వండి. వెల్డ్ మూడింటికీ తప్పదు.

ఉచిత ఫాంట్లలో కొన్ని చేత్తో రాసిన అక్షరాన్ని స్కాన్ చేసి కంప్యూటర్‌తో చకచకా గీయించినవి ఉంటాయి. దూరం నుంచి బాగుంటాయి, ఇంక్‌స్కేప్‌లో నోడ్ పనిముట్టు తీసుకుని అక్షరం మీద నొక్కితే అంచు పొడవునా చీమల బారులాగ వందల చుక్కలు కనిపిస్తాయి. ప్రతి చుక్క దగ్గరా మెషీన్ ఆగి ఆగి నడుస్తుంది, అంచు రంపపు పళ్లలా వస్తుంది. మంచి ఫాంటులో ఒక వంపుకు రెండో మూడో చుక్కలు చాలు. పాత్ మెనూలో సింప్లిఫై నొక్కితే కొంత తగ్గుతాయి కానీ ఎక్కువసార్లు నొక్కితే అక్షరం ముఖమే మారిపోతుంది. నేనైతే అలాంటి ఫాంటును అక్కడే వదిలేస్తాను.

గాలిలో తలకట్టు

ఇక అన్నిటికన్నా తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు. స్వప్న అన్న పేరు రాసి చూడండి. స మీద తలకట్టు, ప మీద తలకట్టు చాలా ఫాంట్లలో అక్షరానికి తగలకుండా విడిగా ఉంటాయి. ష కూడా అంతే. కింద వ ఒత్తు, న ఒత్తు కూడా కొన్ని ఫాంట్లలో విడిగానే ఉంటాయి. అంటే మనం రెండు అక్షరాలు అనుకునే మాట బ్లేడు దృష్టిలో ఆరు ముక్కలు. గోడకు అంటించే వినైల్ అయితే ఫర్వాలేదు, పైన ట్రాన్స్‌ఫర్ టేప్ వేసి ఎత్తితే అన్నీ ఎక్కడివక్కడ అంటుకుని వస్తాయి. ఫోమ్ షీటు, మందం కాగితం, కేక్ మీద గుచ్చే పేరు, వీటికి మాత్రం ఆ ముక్కలను పట్టి ఉంచేది ఏమీ లేదు. ఇరవై ఒకటో దినం ఫంక్షన్‌కు పాప పేరు గోల్డ్ కార్డ్‌లో కోసిచ్చినప్పుడు ఆ ఇంటి అక్క కవరు విప్పి, "గిట్ల తలకట్లు వేరే, అక్షరాలు వేరే వచ్చినయేంది చెల్లె" అని అడిగింది. నిజంగానే తలకట్లు రెండూ కవరు అడుగున ఉన్నాయి.

దీనికి నేను వాడే దారులు రెండు. మొదటిది వెనుక అట్ట. పేరును ఆకారంగా మార్చి యూనియన్ చేశాక దాని కాపీ ఒకటి తీసుకుని, అంచును చుట్టూ మూడు మిల్లీమీటర్లు బయటికి పెంచాలి, ఇంక్‌స్కేప్‌లో అవుట్‌సెట్ అంటారు, కొన్ని మెషీన్ సాఫ్ట్‌వేర్‌లలో ఆఫ్‌సెట్. పెంచిన అంచులు పక్కవాటిని తాకి కలిసిపోయి మబ్బు లాంటి ఒకే ఆకారం అవుతుంది. అది ఒక రంగులో, అసలు పేరు ఇంకో రంగులో కోసి పైన అంటిస్తే ముక్కలన్నీ దాని మీద కూర్చుంటాయి, చూడటానికి కూడా నిండుగా ఉంటుంది. రెండోది, అట్ట వద్దన్నప్పుడు, తలకట్టును నోడ్ పనిముట్టుతో కాస్త కిందికి దించి అక్షరం ఒంటికి తగిలించి మళ్లీ యూనియన్ చేయడం, ఒత్తును పైకి జరపడం. ఎంత జరపాలో కన్ను చెబుతుంది. ప మీద తలకట్టు మరీ లోపలికి దిగితే చదివేవాడు తడబడతాడు, కొసలో ఒక్క చోట తగిలితే చాలు. అన్ని అక్షరాలకూ అడ్డంగా ఒక పట్టీ గీసి కలిపేసేవాళ్లు కూడా ఉన్నారు, ఇంగ్లీషుకు అది నప్పుతుందేమో, తెలుగు అక్షరం మీద అడ్డగీత నాకు కొట్టివేతలా కనిపిస్తుంది.

స్టెన్సిల్ అయితే చిక్కు తిరగబడుతుంది. ముగ్గు దగ్గర రంగు చల్లడానికి స్వాగతం అని ప్లాస్టిక్ షీటులో కోస్తే చివర సున్న మొత్తం గుండ్రంగా ఊడి పడిపోతుంది, మిగిలేది పెద్ద రంధ్రం. ర పొట్ట, ఠ లోపలి చుక్క చుట్టూ ఉన్న భాగం కూడా అంతే. ఇంగ్లీషులో వీటికోసమే స్టెన్సిల్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, స్టార్‌డోస్ స్టెన్సిల్ లాంటివి. తెలుగుకైతే నేను చేత్తోనే వంతెనలు పెట్టుకుంటున్నాను: రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న పట్టీ గీసి, సున్న మీద నిలువుగా పెట్టి, పాత్ మెనూలో డిఫరెన్స్ నొక్కితే సున్న రెండు బ్రాకెట్ల లాగా విడిపోతుంది, లోపలి ముక్క షీటుకు అతుక్కునే ఉంటుంది. ఠ విషయంలో రెండు వంతెనలు కావాలి, చుక్క పోయిందంటే అది ర అయిపోతుంది.

కొలత దగ్గర మోసపోకుండా

కస్టమర్ నాలుగు అంగుళాల ఎత్తు అంటాడు. ఇంగ్లీషు పెద్దక్షరాలైతే నాలుగు అంగుళాలూ అక్షరమే. లక్ష్మీ అని రాస్తే పైన గుడికి కొంత, కింద మ ఒత్తుకు కొంత పోయి నడుమ అక్షరానికి మిగిలేది సుమారు సగం. అంటే గీత మందం కూడా మీరు అనుకున్న దాంట్లో సగమే. నా చేతి అనుభవంలో మామూలు వినైల్ మీద ఒక మిల్లీమీటరు కన్నా సన్నని గీత పీకేటప్పుడు లేచిపోతుంది, గ్లిట్టర్ వినైల్‌కు, ఫోమ్‌కు ఇంకా లావు కావాలి. పేరులో అన్నిటికన్నా సన్నంగా ఉన్న చోటు వెతికి, సాధారణంగా అది ఒత్తు తోకో గుడి కొసో అవుతుంది, అక్కడ ఒక మిల్లీమీటరు వెడల్పు డబ్బా గీసి పక్కన పెట్టి చూడండి. డబ్బా కన్నా గీత సన్నమైతే ఫాంటు మార్చండి, లేదా అవుట్‌సెట్‌తో కాస్త లావు చేయండి. లావు చేసినప్పుడు న, స లాంటి వాటిలోని చిన్న ఖాళీలు పూడుకుపోతున్నాయేమో కూడా చూసుకోవాలి.

పెన్ను పెట్టి రాయించాలనుకునేవాళ్లకు ఒక మాట. మామూలు ఫాంటు అంచు మాత్రమే కదా, పెన్ను ఆ అంచు చుట్టూ తిరిగి బోలు అక్షరం గీస్తుంది. ఒంటి గీతతో రాసే హెర్షీ అక్షరాలు ఇంక్‌స్కేప్‌తోనే వస్తాయి కానీ వాటిలో తెలుగు లేదు. తెలుగు కార్డుల మీద నేను ఆ బోలు అక్షరాన్నే గీయించి లోపల స్కెచ్‌తో నింపుతున్నాను.

ఫైలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు సైజు కూడా మారిపోతుంటుంది. ఎస్‌వీజీలో ఒక అంగుళానికి ఎన్ని చుక్కలు అనే లెక్క అందరిదీ ఒకటి కాదు, ఇంక్‌స్కేప్ ఇప్పుడు 96 అంటుంది, 0.92కు ముందు 90 అనేది, 72 అనుకునేవి కూడా ఉన్నాయి. అందుకని పేరు పక్కన సరిగ్గా 100 మిల్లీమీటర్ల చదరం ఒకటి గీసి పంపుతాను. అవతల అది 100 చూపిస్తే సరే, 133 చూపిస్తే పేరునూ చదరాన్నీ కలిపి ఎంచుకుని చదరం 100కు వచ్చేదాకా తగ్గించి, తర్వాత చదరాన్ని తీసేస్తాను.

అసలు షీటు పెట్టే ముందు మిగిలిపోయిన వినైల్ ముక్క మీద పేరులోని ఒక్క కష్టమైన అక్షరం అసలు సైజులో కోసి పీకి చూస్తాను. మిర్యాలగూడ వదిన పేరులో అది శ్రీ. రెండోసారి అదొక్కటీ కోశాను, క్రావడి చివరి వరకూ ఒకే ముక్కగా నిలబడింది, అప్పుడే బంగారు రంగు షీటు మెషీన్లోకి ఎక్కించాను.